సన్నాయి గదిలో ఆమ్లం

మా సంగీత పాఠశాలలో ప్రమాదకరమైన పదార్థం ఒక్కటీ లేదని తేలడంతోనే మా ప్రమాదాలు మొదలయ్యాయి.

నేను ఆ పాఠశాలలో హెడ్ గుమాస్తాని. పేరు మృత్యుంజయం. కొమ్మూరుపేటలో పొగాకు గోదాముల వెనక వీధిలో ఉంటుంది మా బడి. ప్రభుత్వం వారిదే. వీణ, గాత్రం, సన్నాయి, డోలు నేర్పుతాం. సప్తస్వరాల్లో మొదటి నాలుగూ నాకు తెలుసు. మిగతావి రిటైరయ్యాక నేర్చుకుందామని వదిలేశాను.

ఎక్కడో ఏదో ఫ్యాక్టరీలో ఏదో పీపా పగిలిందట. పగిలిన ఫ్యాక్టరీని ఎవరేం చేశారో తెలియదు గాని, ఏమీ పగలని ఆఫీసులన్నిటికీ ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రతి కార్యాలయమూ తన ఆవరణలోని ప్రమాదకర పదార్థాలను గుర్తించి, ఏడాది తిరిగేలోగా వాటిని సగానికి తగ్గించి, తగ్గించినట్లు రుజువులు సమర్పించవలెనని దాని సారాంశం.

గుమాస్తాగిరీలో 'నిల్' అని రాయడంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదు. అందంగా రాసి, కింద గీత గీసి పంపాను. అది వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చింది. పైన ఎర్రసిరాతో, "నిల్ రిపోర్టులు స్వీకరించబడవు. నిల్ అనునది నిర్లక్ష్యమునకు నిదర్శనము" అని ఉంది.

మా ప్రిన్సిపాల్ త్రిపురసుందరి గారు వీణ విద్వాంసురాలు. వీణ తీగని అవలీలగా లాగే ఆవిడ, ప్రభుత్వ కవరు వస్తే మాత్రం దాన్ని నాచేతే చింపిస్తుంది. "మృత్యుంజయం గారూ, ఏదో ఒకటి వెతకండి. ఇన్ని బీరువాలున్నాయి, ఎందులోనో ఓ ప్రమాదం ఉండకపోదు" అంది.

వెతికాం. ఒక ఫినాయిలు సీసా, కొన్ని కలరా ఉండలు, ఎండిపోయిన బంక, దోమల చక్రాల పెట్టె దొరికాయి. డోలు నేర్చుకునే ఏడుకొండలు తన టిఫిను డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "మా సైదమ్మ చేసిన గోంగూర పచ్చడండీ. దీన్ని గూడా రాసుకోండి సార్, సగానికి నేను తగ్గిస్తా" అన్నాడు. పచ్చడి వదిలేసి మిగతావి రాసి పంపాను. అవి గృహోపకరణాలనీ, షెడ్యూలులో లేవనీ, ఇటువంటి వాటితో ప్రభుత్వాన్ని మభ్యపెట్టరాదనీ జవాబు వచ్చింది. జవాబు వెనకాలే జీపు కూడా వచ్చింది.

జీపులోంచి దిగినాయన ప్రమాద పదార్థాల ప్రత్యేకాధికారి పరాంకుశరావు గారు. తెల్ల హెల్మెట్ పెట్టుకునే దిగారు. మా బడిలో నెత్తిన పడేదేదైనా ఉంటే అది వీణ గది పెచ్చే గనక, ఆయన ముందుచూపుకి ముచ్చటేసింది.

"మీ సంస్థలో ప్రమాదము లేదన్న విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చింది. సదరు లోపాన్ని సరిదిద్దుటకు మీరు ఇంతవరకు తీసుకున్న చర్యలేమిటి?" అని అడిగారు కూర్చుంటూనే.

"లేకపోతే మంచిదే కదండీ?" అంది ప్రిన్సిపాల్ గారు భయంభయంగా.

"మంచి చెడ్డలు మా పరిధిలోకి రావమ్మా. మా పరిధి తగ్గింపు. సున్నాలో సగం ఎంత?"

"సున్నానేనండీ."

"చూశారా, తగ్గలేదు. జిల్లాలో అన్ని కార్యాలయాలూ తగ్గిస్తుంటే మీరొక్కరే తగ్గించలేదని నేను పైకి ఏమని రాయాలి? ముందు ఉండవలెను. ఉన్నది తగ్గవలెను. ఇదీ క్రమం."

సన్నాయి చెప్పే షేక్ బాజీ మాస్టారు అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి వింటున్నారు. ఆయన వంశంలో ఏడు తరాలవాళ్ళు సన్నాయి ఊదారు. మాట తక్కువ, ఊపిరి ఎక్కువ. ఆ పూట మాత్రం ఉండబట్టలేక, "ఇదేందయ్యా ఇది! మా ఇంట్లో పాము లేదు మొర్రో అంటే, ఒకదాన్ని తెచ్చి వదులుకోండి, తర్వాత తరుముకోవచ్చు అన్నట్టుంది గదా" అన్నారు.

పరాంకుశరావు గారు ఆ మాట పుస్తకంలో రాసుకున్నారు. "ఉదాహరణ బాగుంది. కానీ పాములు అటవీ శాఖ పరిధి. మీరు హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి ఇండెంటు పెట్టుకోండి."

వీణ గది కప్పు కారుతోందని నేను రాసిన ఉత్తరాలకి జవాబు రావడం ఎప్పుడో మానేసింది. ఆమ్లం కావాలని రాస్తే వారం తిరక్కుండా నాలుగు నీలం డ్రమ్ములు వచ్చాయి. వాటి వెంట వాటికన్నా బరువైన నియమావళి కూడా వచ్చింది.

ఆమ్లాన్ని ధారాళంగా గాలి ఆడే, ఎండ పడని, చెమ్మ లేని గదిలో ఉంచాలని నియమావళి. మా బడి మొత్తంలో అటువంటి గది ఒక్కటే. పూర్వం అది పొగాకు కొట్టు. ఎత్తైన కప్పు, ఎదురెదురు కిటికీలు. సన్నాయి అన్నది ఊపిరితో బతికే వాద్యమని, ఆ కొట్టుని బాజీ మాస్టారు పట్టుబట్టి తీసుకున్నారు. అందులో ఒక్క స్వరం ఊదితే అది కప్పు దాకా వెళ్ళి నిదానంగా దిగేది. ఊపిరికి మంచిదని ఎంచుకున్న గదే ఆమ్లానికీ మంచిదని తేలింది. డ్రమ్ములు లోపలికి, సన్నాయి వసారాలోకి మారాయి.

ఇక్కడ సైదమ్మ సంగతి చెప్పాలి. ఏడుకొండలు భార్య, మా బడిలో బాజీ మాస్టారి శిష్యురాలు. మేళం ఇంట్లో పుట్టి మేళం ఇంట్లో మెట్టింది. ఆడది సన్నాయి ఊదడమేమిటని అత్తవారి వైపు ముసలాళ్ళు గొణిగితే, ఒక పెళ్ళిలో వాళ్ళ కళ్ళెదుటే కాంభోజి ఊది నోళ్ళు మూయించింది. కొండమీది నరసింహస్వామి గుళ్ళో ఆస్థాన సన్నాయి కొలువు ఖాళీ అయింది. సైదమ్మ వాయిద్యం విని దేవస్థానం వారు సరేనన్నారు. కాకపోతే ఉగాదిలోపు డిప్లొమా కాగితం తెచ్చి చూపాలన్నారు. నెలకింత జీతం, నెత్తిన ఒక కప్పు, ముహూర్తాలు లేని మూఢంలో కూడా ఇంట్లో పొయ్యి వెలగడం, అన్నీ ఆ కాగితం మీదే ఆధారపడి ఉన్నాయి. ఇంకా పెద్ద పరీక్ష ఒకటే మిగిలింది.

డ్రమ్ములు వచ్చిన కొద్దిరోజులకే సైదమ్మ దగ్గడం మొదలుపెట్టింది. మూతలు ఎంత బిగించినా ఆ ఘాటు వసారాలోకి వస్తూనే ఉండేది. అందరికీ అది గొంతులో గరగర. ఆమెకి అదే బతుకుదెరువు. పొడుగ్గా పట్టిన షడ్జం మధ్యలో తెగిపోతే సన్నాయి ఒళ్ళో పెట్టుకుని నేలచూపులు చూసేది.

బాజీ మాస్టారు నా బల్ల దగ్గరకొచ్చారు. "మృత్యుంజయం గారూ, పొలమున్నోడికి పొలం, కొట్టున్నోడికి కొట్టు. మాకు ఊపిరే ఆస్తి. దాన్ని గూడా జప్తు చేస్తే ఎట్టాగండీ?" అన్నారు. నా దగ్గర నియమావళి తప్ప మరేమీ లేదు. దాన్నే తీసి చదవడం మొదలుపెట్టాను.

అంతలో మొదటి తనిఖీ వచ్చింది. ఆమ్లం ఉన్న ఆవరణలో ప్రతి ఒక్కరూ మాస్కు, కళ్ళద్దాలు, రబ్బరు తొడుగులు ధరించి మాత్రమే విధులు నిర్వర్తించాలి. త్రిపురసుందరి గారు రబ్బరు తొడుగులతో వీణ మీటుతున్నారు. గాత్రం వాళ్ళు మాస్కుల్లోంచి పాడుతుంటే, పక్కింట్లో ఎవరో ఎవరినో దుప్పటి కప్పి కొడుతున్నట్టుంది. పరాంకుశరావు గారు తృప్తిగా తల ఊపుతూ వసారాలోకి వచ్చి ఆగిపోయారు.

"ఈమె మాస్కు ఏది?"

"సన్నాయండీ. నోటితో ఊదాలండీ" అంది సైదమ్మ.

ఆయనకీ సమస్య అర్థమైంది. చాలాసేపు సన్నాయిని ఆ చివరినుంచి ఈ చివరికి చూశారు. "గాలి ఏ వైపునుండి వెలువడును?" అని అడిగారు. మాస్టారు కింది మూతి చూపించారు. "అయితే మాస్కు అక్కడ తొడగండి" అని, స్వయంగా తన చేతులతో సన్నాయి మూతికి మాస్కు కట్టారు. ఊదమన్నారు. సైదమ్మ ఊదింది. జలుబు చేసిన దూడ అరుపులాంటిది వచ్చింది. "భద్రత నూటికి నూరుపాళ్ళు" అని రాసుకున్నారాయన.

పక్కనే ఉన్న ఏడుకొండలు చేతిని చూసి ఆయన ముఖం వికసించింది. డోలు వాయించేవాళ్ళు కుడిచేతి వేళ్ళకి గుడ్డతో చేసిన గట్టి తొడుగులు పెట్టుకుంటారు. తాతల నాటి అలవాటు. "చూడండి! ప్రభుత్వం చెప్పకముందే వేలివేలికీ విడివిడిగా రక్షణ కల్పించుకున్న కార్మికుడు!" అని ఏడుకొండలు భుజం తట్టి, జిల్లాకి ఆదర్శంగా అతని చేతికి ఫొటో తీయించారు. చెయ్యి మాత్రమే. అది కలెక్టరేటు గోడమీద ఇప్పటికీ ఉంది.

ఇక తగ్గింపు. నాలుగు డ్రమ్ముల్లో సగం రెండు. ఆ రెండింటినీ ఎక్కడ పారబొయ్యాలి? కాలవలో పొయ్యకూడదు, మట్టిలో పొయ్యకూడదు, అమ్మకూడదు, ఊరికే ఇవ్వనూ కూడదు. గుర్తింపు పొందిన సంస్థవారే లారీలో తీసుకెళ్ళాలి. వాళ్ళకి ఫోన్ చేశాను.

"రెండు డ్రమ్ములకి లారీ ఎట్టా వస్తదండీ? లారీ నిండాల గదా" అన్నాడు అవతలి మనిషి.

ఇదే మాట పరాంకుశరావు గారికి విన్నవించాను. ఆయన కాగితం మీద లెక్క వేశారు. పంపవలసిన సగం ఒక లారీడు ఉండాలంటే, ముందుగా మన దగ్గర రెండు లారీలు ఉండాలి. తప్పు పట్టలేని లెక్క. పాత డ్రమ్ములతో కలిపి రెండు లారీలయ్యేలా ఆమ్లం వచ్చింది. గాత్రం గది నిండింది, డోలు గది నిండింది, వీణలు నా బీరువాల మీదికెక్కాయి. మర్నాడు ఒక లారీ వచ్చి సగం పట్టుకుపోయింది. సరిగ్గా సగం. జిల్లాలో అంత ఆమ్లాన్ని తగ్గించిన కార్యాలయం మరొకటి లేదని త్రిపురసుందరి గారికి శాలువా కప్పారు. ఆవిడ దండం పెట్టి ఇంటికొచ్చి, శాలువా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చిందని వాళ్ళాయన చెప్పాడు.

పిల్లల తల్లిదండ్రులు ఒక్కొక్కరే వచ్చి పేర్లు తీయించుకుపోయారు. నేను వాళ్ళని ఆపలేదు. నా మనవరాలే అక్కడ గాత్రం నేర్చుకునేది, దాన్ని అందరికన్నా ముందు మానిపించాను.

సైదమ్మ ఒక్కతే వచ్చేది. ఊరి చివర చేలల్లో సాధన చేసుకుని, పరీక్ష తేదీ ఏమైనా తెలిసిందేమోనని వచ్చి నా కిటికీ దగ్గర నిలబడేది.

తేదీ తెలిసింది. దానితోపాటే ఇంకోటీ వచ్చింది. ప్రమాద ప్రాంతంగా ప్రకటించిన ఆవరణలో "నోటితో ఊదు, పీల్చు, చప్పరించు కార్యక్రమములు" నిషేధమని పరాంకుశరావు గారి ఉత్తర్వు. పరీక్షల వారికి రాస్తే, డిప్లొమా పరీక్ష పాఠశాల ఆవరణలోనే జరగాలనీ, ఆవరణ దాటి గజం బయట జరిగినా చెల్లదనీ వాళ్ళ జవాబు. లోపల ఊదకూడదు. బయట ఊదితే లెక్కలోకి రాదు.

సైదమ్మ ఆ రెండు కాగితాలూ నాచేత చదివించుకుని వింది. "పోనియ్యండి సారూ. పెళ్ళిళ్ళు ఎక్కడికీ పోవుగా" అంది. ఆ మాటకి బదులు తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు మొదటిసారి ఒళ్ళు మండింది. గుమాస్తాకి ఒళ్ళు మండితే ఏం చేస్తాడు? నియమావళి చివరిదాకా చదువుతాడు.

అందులో సైరను సంగతి కనిపించింది. ఇంత ఆమ్లం ఉన్నచోట ప్రమాద హెచ్చరిక సైరను ఉండితీరాలి. మా సైరను ఇంకా టెండరు దశలో ఉంది. సైరను అందనిచోట, ఊరి పొలిమేర వరకు వినబడు ఏదేని స్థానిక ధ్వని సాధనమును తాత్కాలికంగా వాడవచ్చును. మూడు నెలలకోసారి ఆ సైరనుతో మాక్ డ్రిల్లు జరపవలెను. నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. తర్వాత పరాంకుశరావు గారికి సవినయంగా ఒక ఉత్తరం రాశాను. పొలిమేర వరకు వినబడు ధ్వని సాధనం మావద్ద సిద్ధంగా ఉన్నదనీ, ఫలానా తేదీన తమరి సమక్షంలో డ్రిల్లు జరపడానికి అనుమతించవలసిందనీ. ఆ ఫలానా తేదీ ఏదో వేరే చెప్పనక్కర్లేదు.

ఆయన వెంటనే ఒప్పుకున్నారు. డ్రిల్లు ఎగ్గొట్టే ఆఫీసులనే చూశారు గాని, కావాలని అడిగిన ఆఫీసుని ఆయన తన సర్వీసులో చూడలేదట.

ఆ రోజు పొద్దున్నే జీపు వచ్చింది. అంతకుముందే గుంటూరు నుంచి పరీక్షాధికారి వచ్చి ఉన్నాడు. ముసలాయన, పేరున్న విద్వాంసుడు. ఆయనకి కూడా హెల్మెట్, మాస్కు తగిలించి గేటు లోపల కుర్చీ వేశాం. సైరను గాలివాలుకి ఎదురువైపున ఉండాలని నియమం గనక సైదమ్మకి మంచి గాలి దొరికింది. ఆమె జరీ అంచు చీర కట్టుకుని, సన్నాయి పీకని నోట్లో తడుపుకుంటూ కూర్చుంది. పక్కన ఏడుకొండలు డోలుతో.

"ఈమెకు మాస్కు?" అన్నారు పరాంకుశరావు గారు.

"ఈవిడ సైరను విభాగమండీ. సైరనుకి మాస్కు వెయ్యాలని ఎక్కడా లేదు" అన్నాను.

ఆయన పుస్తకం తిరగేసి చూసి, లేదని ఒప్పుకున్నారు. "ఇతను?"

"సైరనుకి బ్యాటరీ లాంటివాడండీ. వేలి తొడుగులు చూశారుగా, తమరు మెచ్చుకున్న చెయ్యే."

"సంతోషం. నిబంధన అందరూ వినండి. ఆవరణలోని ఆఖరి వ్యక్తి బయటికి వెళ్ళు వరకు సైరను ఆపరాదు. సైరను, మొదలుపెట్టు!"

బాజీ మాస్టారు మాస్కులోంచే "అమ్మాయ్, తోడి ఎత్తుకో" అన్నారు.

సైదమ్మ ఎత్తుకుంది. మొదటి స్వరం కొంచెం వణికింది. రెండోది నిలబడింది. ఆ తర్వాత దగ్గు ఏమైందో, భయం ఏమైందో నాకు తెలియదు. నాలుగు స్వరాల చదువు నాది, రాగాలు నాకేం తెలుసు? కానీ అన్ని నెలలుగా ఆ గదిలో దిగబడిపోయిన పాటంతా ఆ గేటు దగ్గర పైకి లేచిందని మాత్రం తెలిసింది.

నియమావళి ప్రకారం సైరను విన్న జనం ఆవరణకి దూరంగా పరుగెత్తాలి. మా ఊరి జనం ఎదురు వచ్చారు. ముందు గోదాములో పొగాకు గ్రేడింగు చేసే ఆడవాళ్ళు, తర్వాత టీ కొట్టువాడు, గ్లాసులు అక్కడే వదిలేసి అతని గిరాకీలు. పేర్లు తీయించుకుపోయిన పిల్లలు కూడా తల్లుల చేతులు లాక్కుంటూ వచ్చారు. అందులో నా మనవరాలూ ఉంది. గేటు నిండి లోపలికి తోసుకొచ్చారు.

"బయటికి వెళ్ళండి! ఇది ప్రమాదం!" అని పరాంకుశరావు గారు కేకలు పెట్టారు.

"ఏందయ్యా నీ గోల, రవ్వంత సేపు ఊరుకో, విననీ" అంది ఒక ముసలమ్మ.

ఆయన నా వైపు తిరిగి, "సైరను ఆపించండి!" అన్నారు.

"ఆఖరి వ్యక్తి వెళ్ళేదాకా ఆపకూడదండీ. తమరే సెలవిచ్చారు" అన్నాను. అంత వినయంగా నేను జన్మలో మాట్లాడలేదు.

ఆఖరి వ్యక్తి వెళ్ళడు, కొత్త వ్యక్తులు వస్తున్నారు. రాగం అయింది, కీర్తన అయింది, పరీక్షాధికారి మాస్కు కిందికి లాగి, "పల్లవి?" అని అడిగాడు. పల్లవీ అయింది. ఏడుకొండలు తనియావర్తనంలో ఆ ఆదర్శ హస్తంతో చెలరేగిపోయాడు. ముసలాయన హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని, దాని మీదే తాళం వేశాడు.

కాసేపటికి జనానికి ఏం తోచిందో, లేక బాజీ మాస్టారు ఏం సైగ చేశారో, ఒక్కొక్కరే దారి ఇస్తూ వెనక్కి తగ్గారు. చివరికి గేటు లోపల మా వాళ్ళం కాక ఒక్కడే మిగిలాడు. పరాంకుశరావు గారు. పుస్తకం చంకలో, పెన్ను చేతిలో, మూత తెరిచే ఉంది. కళ్ళు మాత్రం మూసుకున్నారు.

"అయ్యా, ఆఖరి వ్యక్తి తమరేనండీ" అన్నాను.

ఆయన కళ్ళు తెరవకుండానే, "ఇంకొద్దిసేపు" అన్నారు.

సైదమ్మ గట్టిమేళంతో ముగించింది. పరీక్ష పాఠశాల ఆవరణలో, గేటుకి ఇవతల, నిబంధనల మేరకు జరిగినట్లు ముసలాయన సంతకం చేశాడు. మొదటి తరగతి. ఉగాదికి ముందే సైదమ్మ కొండెక్కింది. ఏడుకొండలునీ డోలుకి తీసుకున్నారు. స్వామివారి మేలుకొలుపు వేళ తెల్లవారుజామున ఆ కొండ కింద ఆగి వినే లారీవాళ్ళున్నారట. ఆ మాట ఎవరు చెప్పినా రెండోసారి చెప్పించుకుంటాను.

పరాంకుశరావు గారి నివేదిక కూడా వచ్చింది. "సదరు సైరను లోపభూయిష్టమైనది. దీనిని విన్నవారు ప్రమాద స్థలమును విడిచి పోవుటకు బదులు అచటికే చేరుచున్నారు. తనిఖీ అధికారి సైతం మినహాయింపు కాదు. తక్షణమే విద్యుత్ సైరను అమర్చవలెను." ఈసారి టెండరు ఆగలేదు. సైరను బిగించారు. అది మోగితే ఊరు ఊరంతా చెవులు మూసుకుని పారిపోతుంది. నియమావళి కోరింది అదే.

కొత్త ఏడాదికి మళ్ళీ సగం తగ్గించాలి. అరలారీకి లారీ రాదు గనక ఇంకో లారీ తెప్పించాం. బాజీ మాస్టారు తన సన్నాయిని గుడ్డలో చుట్టుకుని, సైదమ్మ ఇంటి అరుగుమీద పాఠం చెబుతానని వెళ్ళిపోయారు. త్రిపురసుందరి గారు బదిలీ అడుగుతున్నారు. నేనూ డ్రమ్ములూ మిగిలాం. జిల్లాలో మాది ఇప్పుడు మొదటి శ్రేణి రసాయన సంస్థ.

మొన్న మార్చి ఆఖరున వార్షిక నివేదిక పంపాను. ఆమ్లం, డ్రమ్ములు, మాస్కులు, తగ్గింపు, అన్నీ నింపాను. చిట్టచివర సంగీతం నేర్చుకుంటున్న విద్యార్థుల సంఖ్య అడిగారు. 'నిల్' అని రాశాను. కింద గీత గియ్యబుద్ధి కాలేదు. ఎర్రసిరాతో తిరిగొస్తుందని, తిరిగి రావాలని, ఇన్ని రోజులూ టపా కోసం ఎదురుచూశాను.

రాలేదు. ఆ నిల్ స్వీకరించారు.